నేల నుంచి విద్యుత్తు.. నింగిలో విమానం!

పైలట్ లేడు. చుక్క ఇంధనం లేదు. అయినా విమానం ఎగిరింది. 1987 సెప్టెంబరులో కెనడా రాజధాని ఒట్టావా సమీపంలో ఈ అద్భుతం చోటుచేసుకుంది. 4.5 మీటర్ల రెక్కలున్న ఆ నమూనా పేరు షార్ప్. నేలపైనున్న యాంటెన్నా పంపిన మైక్రోవేవ్ తరంగాలే దానికి ఆహారం.

సువిశాల కెనడాలో మారుమూల పల్లెలకు టెలిఫోను, టీవీ ప్రసారాలు అందించడం ఖర్చుతో కూడుకున్న పని. ఉపగ్రహానికి బదులు 21 కిలోమీటర్ల ఎత్తున నెలల తరబడి చక్కర్లు కొట్టే మానవరహిత విమానాన్ని నిలపాలన్నది అక్కడి కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్ ఆలోచన. నాడు ఎగిరింది అందులో ఎనిమిదో వంతు నమూనా మాత్రమే.

ఇందులో కిటుకంతా 'రెక్టెనా'లోనే ఉంది. విమానం అడుగున అమర్చే ఈ పలుచని పరికరం తరంగాలను పట్టి, డయోడ్ల సాయంతో డీసీ విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తుతో మోటారు తిరుగుతుంది. వాడిన పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్‌జ్. వంటింట్లో అన్నం వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే!

దీనికి ఆద్యుడు అమెరికాకు చెందిన రేథియాన్ ఇంజినీరు విలియం బ్రౌన్. 1964లోనే ఆయన చిన్న హెలికాప్టర్‌ను 18 మీటర్ల ఎత్తున పది గంటలపాటు నిలిపారు. అది పక్కకు పోకుండా తీగలు కట్టారనుకోండి. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా విద్యుత్తును పంపి చూపారు. 1992లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ బృందం కారుపై అమర్చిన యాంటెన్నాతో బుల్లి విమానాన్ని నడిపించింది.

మరి షార్ప్ ఏమైంది? పూర్తిస్థాయి విమానం తయారు కానేలేదు. చిక్కు దూరంతోనే. టార్చిలైటు వెలుగు దూరం వెళ్లేకొద్దీ ఎలా పరుచుకుంటుందో, ఈ తరంగపుంజమూ అంతే. 12 సెంటీమీటర్ల తరంగాన్ని 21 కిలోమీటర్ల పైకి గురి తప్పక పంపాలంటే కింద పదుల మీటర్ల వెడల్పున యాంటెన్నాలు పరవాలి. విమానం ఆ పుంజాన్ని దాటి పోరాదు. పైగా దారిలోకి వచ్చే ఇతర విమానాల భద్రత సంగతి చూడాలి.

ఈలోగా సౌరఫలకాలు చౌకగా, తేలికగా మారాయి. 2022లో సౌరశక్తితో నడిచే జెఫిర్ విమానం అమెరికా నుంచి బయలుదేరి 64 రోజులు ఆకాశంలోనే గడిపింది. అయితే రాత్రిపూట దానికి బరువైన బ్యాటరీలే దిక్కు. నేల నుంచి విద్యుత్తు పంపే పరిశోధన ఆగకపోవడానికి కారణమిదే. 2025లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా మైక్రోవేవ్‌కు బదులు లేజర్ వాడి, 8.6 కిలోమీటర్ల దూరానికి 800 వాట్లకు పైగా విద్యుత్తును అందించింది.