మన పావగడ ఇళ్ళల్లో కరెంటు దీపాలు



సముదాయ భవనానికి కొత్త దీపాలు వేయించాలని కిందటి మీటింగులో మాట వచ్చింది. అప్పటి నుంచి గ్రూపులో ఒకరు వాట్లు రాస్తున్నారు, ఒకరు ల్యూమెన్లు రాస్తున్నారు. వాట్ అంటే దీపం తినే కరెంటు, ల్యూమెన్ అంటే అది ఇచ్చే వెలుతురు. రెండూ చూడవలసినవే. అయితే డబ్బా మీద అచ్చేసిన లెక్క, 230 వోల్టులు నికరంగా వచ్చే చోట వేసిన లెక్క. మన తాలూకాలో దీపాల చరిత్ర అంతా ఆ 230 రాకపోవడం చుట్టూనే తిరిగింది. తీరిక చేసుకొని చదవండి.

మైసూరు రాజ్యంలో కరెంటు చాలా ముందే వచ్చింది. శివనసముద్రంలో కావేరి నీళ్ళతో తీసిన కరెంటు 1902లో కోలారు బంగారు గనులకు పోయింది. 1905 ఆగస్టు 5న బెంగళూరు వీధిలో దీపం వెలిగింది. అదే రాజ్యంలో ఉన్నా, మూడు పక్కలా ఆంధ్రా సరిహద్దు చుట్టుకొని ఉన్న మన పల్లెలు చాలాకాలం ఆముదం దీపంతోనూ, తరువాత కిరసనాయిలు బుడ్డితోనూ గడిపాయి. గనికి, మిల్లుకు, ఊరికి, చివరగా పల్లెకు. కరెంటు తీగ నడిచిన వరుస ఎక్కడైనా ఇదే.

మా నాన్నగారిది రైలు ఉద్యోగం, మా బడి చదువు తమిళ మీడియం. అక్కడ మామూలు బల్బును గుండు బల్బు అంటారు. ఆ రైల్వే కాలనీలో 60 వాట్ల గుండు బల్బు కింద మేము పుస్తకం చదివేవాళ్ళం. సెలవులకు పావగడ పక్క మా అవ్వ వాళ్ళ ఊరికి వస్తే అదే 60 వాట్ల బల్బు, లోపలి తీగ దానిమ్మ గింజ మాదిరి ఎర్రగా కనపడేది. బల్బు వంక చూస్తే కళ్ళు నొప్పి పుట్టేది కాదు. పల్లె బల్బు వేరే రకమని అనుకునేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

బల్బు వేరే రకం కాదు. గుండు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. వోల్టేజి కొంచెం తగ్గితే వెలుతురు కొంచెం తగ్గి ఊరుకోదు, చాలా తగ్గుతుంది. 230కి బదులు 180 వస్తే వెలుతురు సగానికన్నా కిందికి పోతుంది. 160కి పడితే మూడో వంతు కూడా మిగలదు. మన వైపు వేరుశనగకు, తోటలకు బోర్ల మోటార్లు వేసే వేళకు చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్ళకు వచ్చేది ఆ మాత్రమే.

ఇందులో ఒక తమాషా ఉంది. వోల్టేజి తక్కువైతే గుండు బల్బుకు ఆయుస్సు పెరుగుతుంది. డబ్బా లెక్క 1000 గంటలు. ప్రపంచంలో పెద్ద బల్బు కంపెనీలు 1924లో ఒక కూటమిగా చేరి, బల్బు 1000 గంటలకు మించి ఉండకూడదని కట్టడి చేసుకున్నది కూడా నిజమే. అమెరికాలో లివర్‌మోర్ అనే ఊరి ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి ఒకే బల్బు వెలుగుతోంది. దాని రహస్యంలో ఒక భాగం, అది నాలుగు వాట్ల మాత్రం మినుకుమినుకుమంటూ ఉండడమే. మన పల్లెల్లో కూడా ఒక బల్బు ఏళ్ళ తరబడి ఉండేది. పోతే నడిరాత్రి పోయేది. మోటార్లు ఆగి వోల్టేజి ఒక్కసారిగా లేచిన గంటలో. పొద్దున చూస్తే బల్బు లోపల నల్లగా ఉండేది.

ఇప్పుడు భాగ్యజ్యోతి మాట. కర్ణాటక ప్రభుత్వం 1979లో మొదలుపెట్టిన పథకం, పేద ఇంటికి ఒకటే దీపం, 40 వాట్లది. నెలకు 18 యూనిట్ల దాకా అని చాలాకాలం లెక్క ఉండేది. 40 వాట్లు రోజుకు 15 గంటలు వెలిగితే నెలకు సరిగ్గా 18 యూనిట్లు. కాగితం మీద చాలా ధారాళం. ఇంట్లో ఏమయ్యేదో చూద్దాం. 40 వాట్ల గుండు బల్బు నిండు వోల్టేజిలో ఇచ్చేది సుమారు 400 ల్యూమెన్లు. 180 వోల్టుల్లో 175 దగ్గర. పది అడుగులు పన్నెండు అడుగుల గది అంటే 11 చదరపు మీటర్లు. వెలుతురంతా నేలమీదికే దిగినా చదరపు మీటరుకు 16 ల్యూమెన్లు. పిల్లవాడు చదువుకోవడానికి 150 అయినా కావాలి. మన బండల మిద్దెల్లో గోడలు పొయ్యి పొగకు నల్లబడి ఉంటాయి గనుక ఆ 16లో సగం గోడే మింగేది. ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షలో మన పిల్లలు తక్కువ మార్కులు తెచ్చుకున్నారని తిట్టిన మేష్టర్లు ఈ లెక్క ఒకసారి వేసి ఉండవలసింది.

సున్నం సంగతి ఇక్కడే చెప్పాలి. తెల్లగా సున్నం కొట్టిన గోడ తన మీద పడిన వెలుతురులో ముప్పాతిక వంతు తిరిగి ఇస్తుంది. పొగ పట్టిన గోడ పదో వంతు కూడా ఇవ్వదు. ఉగాదికి ఆడవాళ్ళు గోడలకు సున్నం కొట్టిన వారం ఇంట్లో బల్బు మారినట్టు ఉండేది. ఖర్చు లేకుండా వెలుతురు పెంచిన వాళ్ళు వాళ్ళే.

ట్యూబ్‌లైటు 1938లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. నాలుగడుగుల ట్యూబు 40 వాట్లు, చోకు తినే పదో పన్నెండో కలిపితే 50 పైన, వెలుతురు మాత్రం 2400 ల్యూమెన్ల దాకా. లెక్క ప్రకారం గుండు బల్బుకు పోటీయే లేదు. రైల్వే ఆఫీసుల్లో రిజిస్టర్లు మేము రాసిందంతా దీని కిందనే. కానీ మన పల్లెలో సాయంకాలం వోల్టేజికి అది పట్టుకునేది కాదు. స్టార్టర్ టిక్కు టిక్కుమని, రెండు కొసలు ఎర్రబడి, గంటసేపు కొట్టుకొని, చివరికి కొసలు నల్లబడి పోయేది. నిదానంగా అర్థమయ్యేవాణ్ణి ట్యూబ్‌లైట్ అనే ఎగతాళి తెలుగులోనూ ఉంది, తమిళంలోనూ ఉంది. అందుకే ఇంట్లో ట్యూబు ఉన్నవాళ్ళు కూడా పక్కనే ఒక గుండు బల్బు ఉంచుకునేవాళ్ళు. మనవాళ్ళు తెలివితక్కువగా పాత బల్బు పట్టుకొని వేలాడలేదు. ఎర్రగానైనా వెలిగేది అదొక్కటే.

ట్యూబుకు ఇంకొక లోపం రంగు. ధర్మవరంలో పట్టుచీర కొనేటప్పుడు పెద్దవాళ్ళు చీరను వాకిట్లోకి తెచ్చి ఎండలో చూసేవాళ్ళు, ఊరకే కాదు.

వోల్టేజి అనగానే ఒక రైల్వే ముచ్చట. పాత బోగీల్లో దీపాలకు 24 వోల్టులు, తరువాత 110 వోల్టుల డీసీ. బల్బు విప్పుకొని పోయిన పెద్దమనిషి ఇంట్లో తగిలిస్తే ఫట్టుమని పోయేది. పట్టుకోవడానికి పోలీసు అక్కర లేదు.

సీఎఫ్ఎల్ గురించి ఎక్కువ రాయము. 2009లో కేంద్రం బచత్ లాంప్ యోజన అని 15 రూపాయలకు ఇప్పించింది. కరెంటు ఆదా నిజం. లోపల పాదరసం, పగిలితే బెంగ. వోల్టేజి ఎగిరితే లోపలి సర్క్యూటు పోయేది. పదేళ్ళు తిరగకుండా కనుమరుగైంది.

తెల్ల ఎల్‌ఈడీకి మూలం నీలి ఎల్‌ఈడీ. అది చేసిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. మరుసటి జనవరిలో కేంద్రం ఎల్‌ఈడీ పంపిణీ మొదలుపెట్టింది, కర్ణాటకలో అది హొస బెళకు అనే పేరుతో వచ్చింది. ప్రభుత్వం టోకున కొన్న ధర 310 రూపాయల నుంచి రెండేళ్ళలో 38కి దిగింది. అందరూ ధర గురించే మాట్లాడతారు. మన తాలూకాకు అసలు మేలు వేరే. మంచి ఎల్‌ఈడీ లోపల డ్రైవరు అనే చిన్న సర్క్యూటు ఉంటుంది. బయట 150 వచ్చినా 230 వచ్చినా లోపలికి ఒకే మాదిరి కరెంటు ఇస్తుంది. 9 వాట్లకు సుమారు 900 ల్యూమెన్లు, అదీ మోటార్లు నడిచే సాయంకాలం కూడా. భాగ్యజ్యోతి ఇంటికి పాత 40 వాట్ల బల్బు ఇచ్చినదానికి అయిదు రెట్లు వెలుతురు మొదటిసారిగా వచ్చింది అప్పుడే.

మన తిరుమణి సోలార్ పార్కు కూడా ఆ కాలానిదే. 2018లో మొదలై 2050 మెగావాట్లకు పెరిగింది, 13,000 ఎకరాలు, రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్తతో మొదలు. అంత కరెంటు మన దగ్గర పుట్టినా దీపం పెట్టే వేళకు అది నిద్రపోతుంది. మనం వెలిగించేది రాయచూరు బొగ్గుతోనో, శరావతి నీళ్ళతోనో.

భవనం విషయానికి వద్దాం. ఎల్‌ఈడీ చిప్పు తొందరగా పోదు, వేడికి పోయేది డ్రైవరు. గాలి ఆడని గాజు గిన్నెల్లో బిగిస్తే 25,000 గంటలని రాసినది రెండేళ్ళకే మాడిపోతుంది. కాబట్టి తెరిచి ఉండే ఫిట్టింగులు చాలు, అలంకారం వద్దు. ఏ కంపెనీది కొన్నా, అది ఏ వోల్టేజి నుంచి ఏ వోల్టేజి దాకా పనిచేస్తుందో డబ్బా మీద చూసి కొనండి. స్టేజి దగ్గర రంగు బాగా చూపే రకం వేయించండి, పెళ్ళి చీరలు అక్కడే కదా చూసేది. దీపాలకు ముందు గోడలకు తెల్లసున్నం కొట్టించాలని మా మనవి. ఖర్చు అంచనా వచ్చే మీటింగుకు రాసుకొని వస్తాము.