తెప్పకు కట్టు

మార్కాపురంవాడు సముద్రపు తెప్పల గురించి వ్రాయడమేమిటని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. మాది పలకల ఊరు. సముద్రం ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరం. అయితే నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మా ప్రాంతం మీదుగా సాగే గుండ్లకమ్మ కలిసేది బంగాళాఖాతంలోనే. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుండి విడదీసి కొత్త ఒంగోలు జిల్లాలో చేర్చారు. 1972లో అది ప్రకాశం జిల్లా అయింది. దానితో ఏటికున్న సముద్రపు చుట్టరికం మా ఉపాధ్యాయులకూ బదిలీల రూపంలో సంక్రమించింది. నేను కొన్నేళ్ళు కొత్తపట్నం వైపు తెలుగు చెప్పాను. తెప్పల సంగతి నాకు అక్కడ పట్టుబడినదే.

కట్టుమరం తమిళుల మాట. ‘కట్టు’ మనకూ ఉన్నది; ‘మరం’ మన ‘మ్రాను’కు తోబుట్టువు. మన తీరంలో వాడుక మాత్రం తెప్ప. తేలికపాటి కొయ్యదుంగలను కొన్నింటిని పక్కపక్కన చేర్చి కొబ్బరిపీచు తాళ్ళతో బిగిస్తే తెప్ప అవుతుంది. నీటిని వెలుపల నిలిపే గుల్ల దానికి లేదు. దుంగల సందులలోంచి నీరు వచ్చిపోతూనే ఉంటుంది గనుక కెరటం విరిగి మీదపడినా మునగదు.

దాని జబ్బల్లా నీరు త్రాగడమే. నానిన దుంగలు బరువెక్కి తెప్ప మందగిస్తుంది. అప్పుడు ఒడ్డుకు లాగి, కట్లు విప్పి, దుంగలను ఇసుకమీద ఎండబెట్టి, మళ్ళీ కట్టాలి. ఉప్పునీటికి నాని, కొయ్యకు ఒరుసుకొని తాడు చివికిపోతుంది, దానిని మార్చాలి. ఒక దుంగ పుచ్చితే ఆ ఒక్కదానినే తప్పించి వేరొకటి చేర్చవచ్చు. నూలు తెరచాపకు అతుకులు వేసి, కుళ్ళిపోకుండా చెట్టుబెరడు కషాయంలో ముంచేవారు. (తెరచాపలోని ‘చాప’ మనం కూర్చునే చాపే అయితే, బట్టకు ముందు గాలికి ఎత్తినదేమిటో ఆ మాటే చెబుతున్నది.) ఓడకు మరమ్మతు వేరు, నిర్మాణం వేరు. తెప్పకు ఆ భేదం లేదు. తొలిసారి కట్టిన చేతులే ప్రతిసారీ కడతాయి. వడ్రంగి కోసం, మేకుల కోసం ఎదురుచూడనక్కరలేదు.

కోరమాండల్ తీరంలో వీటిని ‘కాటమరాన్’ అంటారని విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. 1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే నావానిర్మాత జంటగుల్లల ‘అమరిల్లిస్’ తో న్యూయార్క్ పందెంలో అందరినీ మించిపోయాడు; తక్కినవారు అభ్యంతరపెట్టగా అది అనర్హమన్నారు. అటువంటి జంటనావలకే ఇప్పుడు ఆ పేరు స్థిరపడింది. నిజానికి వాటి పోలిక పాలినేషియా జంటపడవలతో. మన మాట వెళ్ళింది, మన కట్టు వెళ్ళలేదు.

ఇక్కడ మాత్రం నిలిచిందా? మోటారు వచ్చింది, తగిన కొయ్య కరవయింది, ఫైబరు తెప్పలు దిగాయి. వాటిని నిందించను. అవి నీరు త్రాగవు, ఎండబెట్టే పని లేదు, వేట దినాలు మిగులుతాయి. పగిలితే మాత్రం రెసిన్ డబ్బా, ఫైబరు గుడ్డ, ఆ పని తెలిసినవాడు కావాలి. మూడింటికీ రొక్కం పెట్టాలి. కొబ్బరితాడు పేనడం, ముడివేయడం, దుంగను చూచి బరువు గ్రహించడం పిల్లలకు నేర్పవలసిన అగత్యం తప్పిపోయింది.

ఆ ఫైబరు గుల్లనూ జాలరులు తెప్ప అనే అంటారు. దానిలో కట్టవలసిందేదీ లేదు.