తూకం చెప్పని సంగతి

"ఏమ్మా, కాస్త ఒళ్ళు చేశావే!" అంటే ఒకప్పుడు మన ఇళ్ళలో అది మెచ్చుకోలు. పుట్టింటికి వచ్చిన పిల్ల బుగ్గలు నిండుగా కనిపిస్తే, అత్తవారింట్లో సుఖంగానే ఉందని తల్లి నిశ్చింతగా ఊపిరి పీల్చుకునేది. చిక్కిపోయి వచ్చిందా, వీధి వీధంతా వచ్చి పరామర్శించేది. ఇప్పుడో! అదే మాట ఎవరైనా అన్నారంటే ఆ పూట అన్నం సయించదు. మర్నాడు పొద్దున్నే కాఫీలో పంచదార మానేస్తాం. సాయంత్రానికల్లా ఏ పత్రికలో ఏ డాక్టరుగారు ఏం రాశారా అని వెతుకుతాం.

ఈ వెతుకులాట మనతో మొదలైంది కాదు. దానికి నూట అరవై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో తమాషాలున్నాయి, తెలివితేటలున్నాయి, కన్నీళ్ళూ ఉన్నాయి. విశేషం ఏమిటంటే, అందులో మోసపోయినవాళ్ళు తాయెత్తులకీ విభూతికీ మోసపోయినవాళ్ళు కారు. చదువుకున్న డాక్టర్లు చెప్పినదీ, పేరున్న పత్రికలు అచ్చువేసినదీ నమ్మి మోసపోయినవాళ్ళు.

మొదట లండన్ వెళదాం. అక్కడ విలియం బాంటింగ్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చేయించే వ్యాపారం ఆయనది. మనిషి పొట్టి, బరువు చూస్తే 202 పౌన్లు. అంటే మన లెక్కలో తొంభై కిలోల పైమాట. వంగి బూట్ల తాళ్ళు కట్టుకోలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి ఒక్కొక్కటే దిగాలి. డాక్టర్ల చుట్టూ తిరిగాడు. పడవ నడపమన్నారు, నడిపాడు. నడిపేసరికి ఆకలి పెరిగి ఇంకాస్త ఎక్కువ తిన్నాడు! చివరికి చెవి సరిగా వినపడటం లేదని హార్వే అనే డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన చెవి సంగతి అటుంచి రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానెయ్యమన్నాడు. ఏడాది తిరిగేసరికి 46 పౌన్లు తగ్గాయి. ఆ సంతోషం పట్టలేక బాంటింగ్ 1863లో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి ఊరికే పంచిపెట్టాడు. దాంతో ఆయన పేరే ఒక మాటగా మారిపోయింది. స్వీడన్‌లో ఈనాటికీ సన్నబడటానికి చేసే పథ్యాన్ని "బాంటా" అనే క్రియతోనే చెబుతారు.

ఇంతవరకూ వచ్చిన నష్టం పెద్దగా లేదు. పాపం ఆయన తనకు జరిగింది చెప్పాడు. ఆయన దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. అమ్మేవాళ్ళు తరువాత వచ్చారు.

1918లో లులు హంట్ పీటర్స్ అనే కాలిఫోర్నియా లేడీ డాక్టరు ఒక పుస్తకం రాసింది. ఆవిడా ఒకప్పుడు భారీ మనిషే. రొట్టెనీ, వెన్ననీ, మిఠాయినీ కేలరీల్లో లెక్కపెట్టడం అమెరికా గృహిణులకు నేర్పింది ఆవిడే. పత్రికల్లో శీర్షిక నడిపింది. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ లెక్కతోపాటు ఇంకోటి కూడా వంటింట్లోకి వచ్చింది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. ఆహారం పొదుపు చేయాల్సిన రోజుల్లో లావుగా ఉండటమంటే దేశం తిండి దాచుకోవడమేనన్న ధోరణి ఆవిడ రాతల్లో ఉంది. అంతకుముందు లావు ఒక ఇబ్బంది. ఇప్పుడు అది నేరమయింది. తప్పు చేశానని సిగ్గుపడే మనిషికి ఏ మందైనా అమ్మవచ్చు కదా!

ఆ సంగతి అందరికంటే ముందు పసిగట్టినవాళ్ళు సిగరెట్ల కంపెనీవాళ్ళు. ఆడవాళ్ళు సిగరెట్ తాగితే లోకం ఇంకా ముక్కుమీద వేలేసుకునే రోజులవి. 1928లో లక్కీ స్ట్రైక్ కంపెనీ కొత్త ప్రకటన మొదలుపెట్టింది. మిఠాయి తినాలనిపిస్తే దాని బదులు ఒక సిగరెట్ వెలిగించమన్నది దాని సారాంశం. మిఠాయి వ్యాపారులు లబోదిబోమన్నారు. కంపెనీ అక్కడితో ఆగలేదు. తమ సిగరెట్ గొంతుకు హాయిగా ఉందని 20,679 మంది డాక్టర్లు చెప్పారని 1930లో ప్రకటించింది. అంత కచ్చితమైన అంకె చూస్తే ఎవరికైనా నమ్మకం కలగదూ! ఇంతకీ ఆ డాక్టర్లు పరీక్షలేవీ చేయలేదు. వాళ్ళకు సిగరెట్ పెట్టెలు ఉచితంగా పంపి, మా సిగరెట్ గొంతుకు తక్కువ బాధ పెడుతుందా లేదా అని ఒక ఉత్తరం రాశారు. అంతే. ఉచితంగా వచ్చినదానికి మర్యాదగా జవాబిచ్చారు.

సరే, వాళ్ళు వ్యాపారులు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. స్వయంగా వైద్యకళాశాలలోంచే వచ్చిన ఒక మాత్ర కథ ఉంది. అసలు చెప్పుకోవలసింది అది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు మందుగుండు కర్మాగారాల్లో డైనైట్రోఫినాల్ అనే పసుపుపచ్చని పొడి వాడేవారు. ఫిరంగి గుళ్ళలో దట్టించే మందు తయారీకి అది కావాలి. దానితో పనిచేసే కార్మికులు చిక్కిపోయేవారు, విపరీతంగా చెమటలు పోసేవి, ఒళ్ళు కాలిపోయేది. కొందరు చచ్చిపోయారు కూడా. ఈ సంగతులు అప్పటి వైద్యుల రాతల్లోకి ఎక్కాయి.

పదిహేనేళ్ళు గడిచాయి. ఆ రాతల్లో "చచ్చిపోయారు" అన్నమాట వెనక్కి వెళ్ళి "చిక్కిపోయారు" అన్నమాట ముందుకొచ్చింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో విండ్సర్ కటింగ్, మారిస్ టెయింటర్ అనే వైద్యులు ఈ పొడిని కొద్ది మోతాదులో ఇచ్చి చూశారు. తిండి తగ్గించకుండానే మనుషులు సన్నబడుతున్నారు! 1933లో ఆ విషయం అమెరికన్ వైద్యసంఘం పత్రికలో ప్రచురించారు. వాళ్ళు దుర్మార్గులేమీ కారు. ఇది ప్రమాదకరం, డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడకూడదని కూడా చెప్పారు. కానీ పథ్యం లేకుండా సన్నబడే మాత్ర దొరికిందన్న కబురు ముందు పరుగెత్తితే, హెచ్చరిక కుంటుకుంటూ వెనకాల మిగిలిపోయింది.

ఈ మందు పనిచేసే తీరు మన వంటింటి భాషలో చెప్పుకుంటే సులువు. పొయ్యిలో కట్టెలు పెట్టి ఎసరు పెడతాం. కట్టెలు కాలితే ఎసరు మరుగుతుంది, అన్నం ఉడుకుతుంది. మన ఒంట్లోనూ అంతే. తిన్న తిండి కాలి, ఆ శక్తితో గుండె కొట్టుకుంటుంది, కాలూ చెయ్యీ ఆడుతుంది. ఈ మందు ఏం చేస్తుందంటే, పొయ్యిమీంచి గిన్నె దించేస్తుంది. కట్టెలు మాత్రం భగభగ మండిపోతూనే ఉంటాయి. శక్తి అంతా వేడిగా మారి వృథాగా పోతుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు కూడా కట్టెల్లాగే కాలిపోతుంది. బరువు తగ్గుతుంది, నిజమే. కానీ మోతాదు కాస్త మించితే ఆ వేడి మనిషినే కాల్చేస్తుంది. సన్నబరిచే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. విరుగుడు అంటారా, ఈనాటికీ లేదు.

ఏడాది తిరిగేసరికి అమెరికాలో కనీసం లక్ష మంది ఈ మందు వాడి ఉంటారని టెయింటరే అంచనా వేశాడు. డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరికేది. "రెడ్యూసాల్స్" అనీ, "ఫార్ములా 281" అనీ ముద్దుపేర్లు పెట్టారు. 1934 నాటికే వైద్యపత్రికల్లో మరణాల వార్తలు కనబడసాగాయి. 1935లో శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్లు ఇంకో వింత గమనించారు. పడుచు ఆడవాళ్ళు కళ్ళు మసకలని వస్తున్నారు. చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు! ముసలితనంలో రావలసిన శుక్లం ఈ వయసులో ఏమిటని ఆరా తీస్తే, అందరూ ఈ మాత్రలు మింగినవాళ్ళే. మాత్రలు మానేసిన కొన్ని నెలలకు కూడా పొర కమ్మినవాళ్ళున్నారు. అద్దంలో తమ నడుము సన్నబడటం చూసి మురిసిపోవాలనుకున్నవాళ్ళకు అద్దమే కనిపించకుండా పోయింది. ఆ ఏడాదే అమెరికన్ వైద్యసంఘం తాను ఆమోదించే మందుల జాబితాలో దీన్ని చేర్చడానికి నిరాకరించింది.

మరి ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? చేతులు ముడుచుకుని కూర్చుంది, ఎందుకంటే చట్టం చేతులు కట్టేసింది. 1906 నాటి అమెరికా చట్టం ప్రకారం మందు అంటే రోగం కుదిర్చేది. లావుగా ఉండటం రోగం కాదు. కాబట్టి సన్నబరిచే మాత్ర మందూ కాదు! పోనీ తిండి అందామంటే తిండీ కాదు. ఏ గాటనా కట్టడానికి వీల్లేదు. పోయినవాళ్ళు పోతూనే ఉన్నారు, అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు.

దిక్కుతోచక ఆ శాఖవాళ్ళు 1933లో ఒక ప్రదర్శన తయారుచేశారు. ఇలాంటి మందుల సీసాలూ, వాటివల్ల పాడైనవాళ్ళ ఫొటోలూ పక్కపక్కనే పెట్టారు. పత్రికలవాళ్ళు దానికి "భయానక మందిరం" అని పేరుపెట్టారు. కొత్త చట్టం కావాలన్న మాట అప్పుడే బయలుదేరింది. కానీ ప్రకటనల ఆదాయానికి గండి పడుతుందని చాలా పత్రికలు ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తింది ఎవరనుకున్నారు? మహిళా సంఘాలు! గృహవిజ్ఞానం చెప్పే టీచర్లు, ఊరూరా ఉన్న మహిళా మండళ్ళు చట్టసభ సభ్యులను ఐదేళ్ళపాటు వదలకుండా వెంటపడ్డాయి. ఈలోగా 1937లో ఒక విషపు టానిక్కు తాగి వందమందికి పైగా, అందులో ఎందరో పసిపిల్లలు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడుగానీ చట్టసభకు చలనం రాలేదు. 1938 జూన్‌లో చట్టం వచ్చింది. ఇకమీదట కొత్త మందు అమ్మాలంటే అది ప్రమాదం లేనిదని ముందే చూపించాలి. సన్నబరిచేది కూడా మందే. డైనైట్రోఫినాల్ అమెరికా షాపుల్లోంచి తొలగిపోయింది.

దాంతో కథ కంచికి వెళ్ళిందనుకుంటే పొరపాటు. చట్టం వచ్చింది గానీ ఆశ పోలేదు. 1960లలో అమెరికాలో రంగురంగుల మాత్రలిచ్చే స్థూలకాయపు డాక్టర్లు పుట్టుకొచ్చారు. ఆకలి చంపడానికొకటి, థైరాయిడ్‌ది ఒకటి, నీరు తీయడానికొకటి, గుండెకొకటి. 1968లో సుసానా మెక్‌బీ అనే లైఫ్ పత్రిక విలేఖరి, ఏమాత్రం లావుకాని మనిషి, అలాంటి పదిమంది దగ్గరకు వెళ్ళింది. సుమారు పదిహేను వందల మాత్రలతో బయటికి వచ్చింది! పత్రికలను ఆడిపోసుకుంటున్నాం గనక ఇదీ చెప్పాలి: ఆ గుట్టు రట్టు చేసింది కూడా ఒక పత్రికే. 1976లో రాబర్ట్ లిన్ అనే డాక్టరు పుస్తకం వల్ల ద్రవపు ప్రొటీను ఉపవాసం మోజు లేచింది. కబేళాల్లో మిగిలిన తోలూ ఎముకా మరగించి తీసిన ఆ ద్రవంతోనే వారాల తరబడి గడిపినవాళ్ళలో యాభైమందికి పైగా పోయినట్టు వార్తలొచ్చాయి. గుండె లయ తప్పి హఠాత్తుగా పడిపోయినవాళ్ళు అందులో ఎందరో.

ఆ తరువాత రెండు మందులు కలిపిచ్చే "ఫెన్-ఫెన్" వచ్చింది. 1996 ఒక్క ఏడాదిలో అమెరికా డాక్టర్లు దానికి కోటి ఎనభై లక్షలకు పైగా చీటీలు రాశారు. ఫార్గో అనే చిన్న ఊళ్ళో గుండె స్కానింగు తీసే ఒక మహిళ, పడుచువాళ్ళ గుండె కవాటాలు ఇలా ఎందుకు పాడవుతున్నాయని అనుమానపడింది. వాళ్ళంతా ఏ మందు వాడుతున్నారో పుస్తకంలో రాసిపెట్టుకుంది. 1997లో డాక్టర్లు మొదట బయటపెట్టిన కేసులు ఇరవై నాలుగు. ఇరవై నలుగురూ ఆడవాళ్ళే. ఆ సెప్టెంబరులోనే అందులో ఫెన్‌ఫ్లూరమిన్ అనే మందును వెనక్కి తీసుకున్నారు. మన దేశం ఈ గొడవకు దూరంగా ఏమీ లేదు. గుండెకు చేటని తేలాక సిబుట్రమిన్ అనే మరో సన్నబరిచే మందును 2011లో ఇక్కడా నిషేధించారు.

ఇన్ని కథల్లోనూ ఒక విచిత్రం గమనించారా? ఒక్క సిగరెట్ సంగతి పక్కన పెడితే, పనిచేయదన్న మాట ఎవరూ అనలేదు. బరువు నిజంగానే తగ్గింది. తూకం అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది చెప్పింది ఒక్క సంగతే. ఎంత తగ్గిందో చెప్పింది గానీ, ఏం పోయిందో చెప్పలేదు. కంటిచూపుకీ గుండెకవాటానికీ దాని ముల్లు కదలదు మరి.

అందుకని డాక్టర్లనందరినీ అనుమానించమని కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్లూ డాక్టర్లే కదా! ఇవాళ వారానికొక సూదితో బరువు తగ్గించే మందులు వచ్చాయి. వాటిని వేలమంది మీద పరీక్షించి గానీ బజారుకు వదలలేదు. 1938 చట్టం వంటివి వచ్చాయి గనకనే ఆ జాగ్రత్త. అయినా కొన్ని ప్రశ్నలు మన చెంగున ముడేసుకోవడం మంచిది. ఈ సలహా ఇచ్చేవారికి అమ్మకంలో వాటా ఉందా? దీన్ని వాడినవాళ్ళను ఎన్నాళ్ళు చూశారు, వారాలా, ఏళ్ళా? మానేశాక వాళ్ళకు ఏమైంది? పెళ్ళిసంబంధం వస్తే ఏడు తరాలు ఆరాతీసే మనకు ఈ మాత్రం అడగడం కష్టమా?

డైనైట్రోఫినాల్ మాత్రం ఇంకా చావలేదు. ఇంటర్నెట్టులో దొంగచాటుగా అమ్ముతున్నారు. కొని మింగిన కుర్రకారు కొందరు ప్రాణాలు పోగొట్టుకోవడంతో బ్రిటన్ 2023 అక్టోబరులో దాన్ని విషాల జాబితాలో చేర్చింది. ఫ్రాన్సు కార్మికులు దాంతో చనిపోయి అప్పటికి నూరేళ్ళు దాటింది.