యార్క్ తూర్పు కిటికీ: పరిరక్షణలో ఒక చిక్కు

ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ చర్చి తూర్పు కిటికీని జాన్ థార్న్‌టన్ 1405-1408 మధ్య తయారు చేశాడు. అతనికి ముట్టింది 56 పౌండ్లు. సృష్టి, ప్రళయం తదితర బైబిలు ఘట్టాలను 311 పలకల్లో చిత్రించారు.

మధ్యయుగపు గాజులో పొటాషు ఎక్కువ. అందువల్ల తేమ తగిలితే గాజు గుంటలు పడుతుంది, పైనున్న చిత్రలేఖనం రాలిపోతుంది. అయితే ఈ కిటికీకి పూర్వపు మరమ్మతులే మరో బెడద అయ్యాయి. గాజు పగిలిన చోటల్లా సీసపు పట్టీ వేస్తూ పోవడంతో ముఖాలపై నల్లని గీతలు అల్లుకుపోయి, కథ చదవరాకుండా పోయింది.

2005-2018 మధ్య జరిగిన పునరుద్ధరణలో అటువంటి పట్టీలను తీసి, పగుళ్లను జిగురుతో అతికించారు. ఆ పట్టీలూ చరిత్రే కదా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. నా దృష్టిలో చిత్రకారుడి గీతను కప్పే పట్టీని తీయడం సమంజసమే, కాని ముందుగా ప్రతి పలకనూ ఫోటోతో, పటంతో నమోదు చేయాలి. పట్టీని ఒకసారి తీశాక దాని సాక్ష్యం ఆ కాగితాల్లోనే మిగులుతుంది.

వాన, అతినీలలోహిత కిరణాలు తగలకుండా బయట కొత్త గాజును అమర్చారు. రెంటి నడుమ గాలి ఆడుతుంది కాబట్టి పాత గాజుపై తేమ నిలవదు. ఇందుకు మూల్యమూ ఉంది: వీధిలో నిలబడి చూసేవారికి ముందుగా కనిపించేది థార్న్‌టన్ గాజు కాదు.