మైల పట్టని దుఃఖం

యొత్సుయా స్టేషన్. తలుపులు తెరుచుకున్నాయి, దిగండి. ఎక్కడికని అడక్కండి. మనకంటే ముందు దిగిన ఆ ఇద్దరికే తెలీదు. అతను కాందాలో పుస్తకాల షాపులు తిరుగుదామని బయల్దేరాడు. ఆమె ఒక్కతే సినిమాకి పోదామనుకుంది. చువో లైను రైల్లో అనుకోకుండా ఎదురుపడ్డారు. దిగుదామా అంది ఆమె. దిగారు. చేసేదేమీ లేదు కాబట్టి నడుస్తున్నారు.

1968 మే నెల, ఆదివారం. పొద్దున కమ్ముకున్న మబ్బుని మధ్యాహ్నానికల్లా దక్షిణపు గాలి ఊడ్చేసింది. చెర్రీ పూలు ఎప్పుడో రాలిపోయాయి, ఇప్పుడు లేతాకుల మీద ఎండ తళతళలాడుతోంది. జనం స్వెట్టర్లు విప్పి భుజాన వేసుకున్నారు. టెన్నిస్ కోర్టులో ఒక కుర్రాడు చొక్కా కూడా విప్పేసి రాకెట్ ఊపుతున్నాడు. బెంచీ మీది ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు మాత్రం చలికాలపు దుస్తుల్లోంచి ఇంకా బయటికి రాలేదు. పక్కనే జెసూట్‌ల సోఫియా యూనివర్సిటీ ఉంది, వాళ్ళు అక్కడివాళ్ళే అయ్యుంటారు.

గట్టు ఎక్కండి. ఎడంవైపు కిందుగా రైలు పట్టాలు, వాటికవతల పాత ఎడో కోట బయటి అగడ్త. ముందు నడుస్తున్న అమ్మాయి నావొకో. ఉతికి ఉతికి మెత్తబడిన బూడిద రంగు స్వెట్‌షర్టు, నల్లటి తిన్నని జుట్టుకి పెద్ద గోధుమ రంగు క్లిప్పు. తల తిప్పినప్పుడు చిన్న తెల్లటి చెవి కనిపిస్తుంది. ఆమెకు మీటరు వెనక వతనాబె. అతనికి పదడుగుల వెనక మనం. ఆమె అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి ఏదో అంటుంది. అతను జవాబు వెతుక్కునేలోపు మళ్ళీ ముందుకు తిరిగి నడక సాగిస్తుంది. జవాబు అక్కర్లేదేమో అనిపిస్తుంది.

ఇద్దరి మధ్యా ఆ మీటరు దూరంలో ఇంకొకడు నడుస్తున్నాడు. వాడి పేరు కిజుకి. ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు అతనికి. పాలబుగ్గల నాటి నుంచీ తోడు, ప్రియుడు ఆమెకి. కోబెలో ముగ్గురూ ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్ళు. పోయిన ఏడాది ఇదే మే నెలలో, క్లాసు ఎగ్గొట్టి వతనాబెతో బిలియర్డ్స్ ఆడాడు. మొదటి ఆట ఓడిపోయాక ముఖం బిగించి మిగతా మూడూ గెలిచాడు. ఇవాళ ఓడిపోవాలని లేదన్నాడు. ఆ రాత్రే ప్రాణం తీసుకున్నాడు. పదిహేడేళ్ళు. చీటీ లేదు, కారణం లేదు. అంత్యక్రియలైన రెండు వారాలకు ఒకసారి కలిసినప్పుడు నావొకో మాటల్లో కొంచెం ముల్లు తగిలింది వతనాబెకి. చివరిసారి తనని కాకుండా ఇతన్ని చూసి వెళ్ళాడన్న బాధ కావచ్చు. అదే ఆఖరు. మళ్ళీ ఇవాళే కలవడం. ఆమె బాగా చిక్కిపోయింది.

ఇక్కడ మనవైపు మాట ఒకటి చెప్పాలి. మన ఊళ్ళలో చావు ఇంట్లో ఎవరికి ఎంత దుఃఖమో లెక్క ఉంటుంది. దాయాదులకు పది రోజుల మైల. పెళ్ళయి వెళ్ళిన కూతురికి మూడు రోజులు. ఎవరు స్నానం చేయాలి, ఎవరు నేల మీద పడుకోవాలి, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగకూడదు, అన్నీ పెద్దవాళ్ళకి తెలుసు. ఆ లెక్కలో స్నేహితుడు లేడు. పదిహేడేళ్ళ ప్రియురాలు అసలే లేదు. శ్మశానం దాకా వచ్చి కాళ్ళు కడుక్కుని ఇంటికి పోయి, మర్నాడు కాలేజీకి వెళ్ళాలి. జపాన్‌లోనూ నలభై తొమ్మిదో రోజు దాకా ఇంటివాళ్ళకి కర్మకాండ ఉంటుంది. ఈ ఇద్దరి వంతు అందులో ఏముంది? అందుకే నడుస్తున్నారని నాకు అనిపిస్తుంది. ఎవరూ కేటాయించని మైలని కాళ్ళతో పడుతున్నారు.

ఇది హరుకి మురకామి ‘నార్వేజియన్ వుడ్’. 1987 సెప్టెంబరులో ఎరుపు, ఆకుపచ్చ అట్టలతో రెండు సంపుటాలుగా వచ్చింది. ఏడాదిన్నర తిరక్కుండానే జపాన్‌లో 30 లక్షల ప్రతులు దాటింది. అట్ట చుట్టూ వేసే కాగితపు పట్టీ మీద నూటికి నూరుపాళ్ళు ప్రేమ నవల అని రాయించింది రచయితే. ఆయనతో నా పేచీ అక్కడే. ప్రేమ ఉంది, కాదనను. కానీ ఇంతసేపూ వాళ్ళ వెనక నడిచిన మనకి, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారా, మధ్యనున్న మూడోవాడిని చూసుకున్నారా అన్న అనుమానం వదలదు. ఈ నడకను ఆయన టోక్యోలో కూర్చుని రాయలేదు. గ్రీసులోని మికొనోస్ దీవిలో 1986 డిసెంబరులో నవల మొదలుపెట్టి, సిసిలీలో సాగించి, మరుసటి ఏడాది మార్చిలో రోమ్‌లో పూర్తిచేశాడు. మొదలుపెట్టేనాటి ఆయన వయసూ, కథ తలచుకునే నాటి వతనాబె వయసూ ముప్పై ఏడే. దూరం పోతే తప్ప కొన్ని వీధులు కనబడవు కాబోలు.

ఈదబాషి వచ్చింది, కుడివైపు తిరిగారు. అగడ్త ఒడ్డుకొచ్చి, అక్కణ్ణుంచి జింబోచో కూడలి. గమనించారా, ఇదే కాందా పుస్తకాల షాపుల పేట. వతనాబె పొద్దున బయల్దేరింది ఇక్కడికే. తల కూడా తిప్పలేదు. ఆ వీపు వెనకే పోతున్నాడు.

ఒచానొమిజు ఎత్తు ఎక్కుతుంటే నా కాళ్ళు లాగుతున్నాయి, మీకెలా ఉందో తెలీదు. ఇక్కడొక నిమిషం ఆగుదాం, వాళ్ళు ఎటూ పోరు. వచ్చే ఏడాది శరదృతువులో వతనాబె ఇదే ఒచానొమిజుకి మళ్ళీ వస్తాడు, ఒక ఆసుపత్రికి. మిదొరి అనే క్లాస్‌మేటుతో. ఓత్సుకాలో చిన్న పుస్తకాల కొట్టు వాళ్ళది. రెండేళ్ళ కింద వాళ్ళమ్మ మెదడులో కంతితో పోయింది, ఇప్పుడు నాన్నకీ అదే జబ్బు. అతను ఏమీ తినడం లేదు. కాసేపు బయట తిరిగి రమ్మని మిదొరిని పంపించి, వతనాబె ఆ పెద్దాయన దగ్గర కూర్చుంటాడు. ఆకలేస్తుంది. కీరాలు కడిగి, నోరి అనే ఎండిన సముద్రపు నాచు ఆకు చుట్టి, సోయా సాస్‌లో ముంచి కరకరా నములుతాడు. మీరూ తింటారా అని అడుగుతాడు. చిన్న ముక్కలు కోసి పుల్లకి గుచ్చి నోటికి అందిస్తాడు. ఆ మనిషి మెల్లగా, ఒక్కో ముక్కే, కీరా మొత్తం తింటాడు. కొద్ది రోజులకే పోతాడు. అయినా ఆ కరకర చప్పుడు నవలంతా వినిపిస్తూనే ఉంటుంది. నన్నడిగితే ఈ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప ప్రేమ సన్నివేశం అదే. అందులో అమ్మాయి లేదు.

మిదొరి దుఃఖానికి పని ఉంది. గుడ్డలు మార్చాలి, మందులు పోయాలి, అంత్యక్రియలు చూడాలి, కొట్టు అమ్మాలి. ఆమె గట్టిగా నవ్వుతుంది, బూతులాడుతుంది, కడుపునిండా వండి పెడుతుంది. నావొకోకి అలాంటి పని ఎవరూ ఇవ్వలేదు, అందుకే కూలిపోయింది అని తేల్చేద్దామనుకుంటాను. అంతలో ఆమె అక్క గుర్తొస్తుంది. ఆ అక్క కూడా పదిహేడేళ్ళకే ప్రాణం తీసుకుంది. ముందుగా చూసింది చిన్న పిల్ల నావొకోయే. సొంత అక్క, మైల ఉన్న చావే. మూడు రోజులు ఆ పిల్ల నోట మాట రాలేదు. మైల ఏం చేసింది మరి? నా సిద్ధాంతం ఇక్కడ కుంటుతుంది. కుంటుతూనే పోదాం పదండి, వాళ్ళు హోంగో దాకా పోయారు.

టోక్యో యూనివర్సిటీ ప్రాంతం ఇది. ఇంకో నెలకి, జూన్ 15న, విద్యార్థులు ఇక్కడి యసుదా హాలును ఆక్రమిస్తారు. తర్వాతి జనవరిలో వేల మంది పోలీసులు వచ్చి ఖాళీ చేయిస్తారు. దేశమంతా ఆ గొడవ గురించే మాట్లాడుతుంది. తన యూనివర్సిటీలో సమ్మె నడిపిన నాయకులే తర్వాత అందరికంటే ముందు క్లాసుకొచ్చి హాజరు చెప్పడం చూసి వతనాబెకి ఒళ్ళు మండుతుంది. అదంతా తర్వాత. ఇవాళ మాత్రం వీధి పొడవునా ట్రాము పట్టాలు, వాటి వెంటే ఈ ఇద్దరు. 1972 నాటికి నగరంలోని ట్రాము లైన్లు దాదాపు అన్నీ తీసేశారు. మిగిలింది అరకావా లైను. మిదొరి ఇంటికి పది నార్సిసస్ పూలు పట్టుకుని వతనాబె వెళ్ళేది ఆ ట్రాములోనే. ఇళ్ళ పెరళ్ళని రాసుకుంటూ, ఆరేసిన బట్టల పక్కనుంచి ఇప్పటికీ పోతోంది.

నావొకో ఒక కుళాయి దగ్గర ఆగింది. నీళ్ళు తాగి, తెల్లటి చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, వంగి బూట్ల లేసులు శ్రద్ధగా మళ్ళీ కట్టుకుంటోంది. స్కూల్లో దూరపు పరుగు పందేల్లో పరిగెత్తేది. వతనాబె నిలబడి చూస్తున్నాడు. నవల మొత్తంలో నావొకో మనకి ఎక్కువగా ఇలాగే, వెనకనుంచి కనిపిస్తుంది. వచ్చే ఏప్రిల్లో, ఇరవయ్యో పుట్టినరోజు రాత్రి, వాన పడుతుండగా ఆమె గంటల తరబడి మాట్లాడుతుంది. అప్పుడు కూడా కిజుకి మాట రాకుండా చుట్టూ తిరుగుతుంది. ఆ తర్వాత క్యోటో కొండల్లోని ఆరోగ్యాలయం, పెట్టెలో వంద యెన్‌లు వేసి గిటారు మీద వాయించమని అడిగే బీటిల్స్ పాట, ఉత్తరాలు, ఇరవయ్యొకటో ఏట ఆమె చావు. ఆమె లోపల ఏముందో రచయితకీ పూర్తిగా తెలియదనే నా అనుమానం. కొందరు దాన్ని లోపమంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను.

కొమగొమె. పొద్దు గుంకుతోంది. ఇది ఎక్కడ అని అడిగింది ఆమె, నిద్రలోంచి లేచినట్టు. కొమగొమె అని చెప్పాడు. ఇక్కడికెందుకొచ్చాం అంది. నువ్వే తీసుకొచ్చావు, నేను వెనక వచ్చానంతే అన్నాడు.

స్టేషన్ దగ్గర సోబా దుకాణం. వాళ్ళ పక్క టేబులు ఖాళీగా ఉంది, కూర్చోండి. అతను ఒక్కడే బీరు సీసా మొత్తం తాగేశాడు. చెప్పింది వచ్చేదాకా, వచ్చింది అయిపోయేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె రెండు చేతులూ టేబులు మీద పెట్టుకుని ఏదో ఆలోచిస్తోంది. టీవీలో వార్తలు. ఎండ కాసిన ఆదివారం కదా, విహార స్థలాలన్నీ జనంతో కిటకిటలాడాయట.

మళ్ళీ కలవచ్చా అని ఆమె అడుగుతోంది. అడిగే హక్కు లేదనుకుందో ఏమో, సగంలో ఆగింది. చెయ్యి జుట్టు క్లిప్పు మీదికి పోయింది. చెప్పాలనుకున్న మాటకి పక్క మాటే నోటికొస్తోందట.

సరే అన్నాడు వతనాబె. గిన్నె అడుగున రసం చల్లారిపోతోంది.