గుంటూరు, ప్రకాశం మైదానంలో పారిశ్రామిక, ఉత్పాదక ఇంజనీరింగ్ విద్య

మనుషులు, యంత్రాలు, సరుకు, సమయం ఒక కర్మాగారంలో వృథా లేకుండా ఎలా కలిసి నడవాలో నేర్పేది ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్. వస్తువును ఏ పద్ధతిలో, ఎంత కచ్చితంగా తయారు చేయాలో నేర్పేది ప్రొడక్షన్ ఇంజనీరింగ్. కోస్తాంధ్రలో పత్తి, మిరప, పొగాకు పండే గుంటూరు, ప్రకాశం మైదానంలో డిగ్రీ స్థాయిలో ఈ రెండు చదువులూ ఎక్కువగా మెకానికల్ బ్రాంచి లోపలే సాగాయి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిపడినా, విద్య, వ్యాపారాల లెక్కలో ఈ మైదానం ఇప్పటికీ ఒకటే.

కళాశాలలకు ముందు

ఇక్కడ కర్మాగారం ముందు వచ్చింది, కళాశాల చాలా వెనక వచ్చింది. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీని జనం ఐ.ఎల్.టి.డి. అనేవారు. గుంటూరు, చీరాల దానికి ముఖ్య కేంద్రాలయ్యాయి. బ్యారన్లలో ఆరబెట్టిన ఆకును గ్రేడులుగా విడదీయడం, ఈనె తీయడం, తేమ సరిచూసి మళ్లీ ఆరబెట్టడం, కట్టలు కట్టి ఓడకెక్కించడం వందల చేతుల మీదుగా సాగే పని. ఆ చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవి. ఏ బల్ల దగ్గర ఎంతమంది కూర్చోవాలి, తేమ పట్టిన ఆకు ఎంతసేపు ఆగగలదు అన్న ప్రశ్నలకు మేస్త్రీలు అనుభవంతో జవాబు చెప్పుకున్నారు. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ కళాశాల ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌ను పాఠ్యాంశంగా మొదలుపెట్టింది. 1911లో ఫ్రెడరిక్ టేలర్ పనిని గడియారంతో కొలిచే పద్ధతిని పుస్తకంగా రాశాడు.

ఇంజనీరింగ్ చదవాలనుకున్న గుంటూరు కుర్రవాడికి అప్పట్లో మద్రాసు దారే ఉండేది. 1794లో సర్వే పాఠశాలగా మొదలైన గిండీ కళాశాలలో మెకానికల్ విభాగం 1894లో వచ్చింది. 1946లో మద్రాసు ప్రభుత్వం తెలుగు ప్రాంతానికి రెండు కళాశాలలు మంజూరు చేసింది. విశాఖపట్నం పేరుతో మొదలైనది కాకినాడలో స్థిరపడింది. గిండీ ఆవరణలో మొదలైనది 1948లో అనంతపురం చేరింది. పత్తి జిన్నులు, పొగాకు గోదాములు ఉన్న గుంటూరుకు ఆ వంతులో ఏదీ రాలేదు.

దేశంలో ఈ విద్య

స్వాతంత్ర్యం తర్వాత ఉత్పాదకత ఒక జాతీయ విషయమైంది. 1952లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు వచ్చి బట్టల మిల్లుల్లో వర్క్ స్టడీ (పని తీరును కొలిచి మెరుగుపరచడం) ప్రయోగాలు చేశారు. 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి, 1963లో బొంబాయిలో పారిశ్రామిక ఇంజనీరింగ్ శిక్షణకు నిటీ అనే జాతీయ సంస్థ ఏర్పడ్డాయి. ఈ చరిత్రలో ఒక తెలుగువాడి పాలు తగినంతగా చెప్పుకోలేదనిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా గణాంక సంస్థకు వెళ్లిన సి.ఆర్. రావు 1940లలో ఆర్తోగొనల్ అర్రేలను ప్రతిపాదించారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాల ప్రభావాన్ని తేల్చే ఆ పట్టికలే తర్వాత జపానులో టగుచి నాణ్యతా పద్ధతికి పునాది అయ్యాయి. లేత్ మీద కోత వేగం, ఫీడ్ మార్చిచూస్తూ టగుచి పద్ధతిలో ప్రాజెక్టు చేసే మెకానికల్ విద్యార్థి వాడేది ఆ పట్టికలనే.

కళాశాలల దశ

నాగార్జునసాగర్ నీళ్లు 1967లో కాలువల్లోకి వచ్చాయి. 1970లలో హైబ్రిడ్ పత్తి పల్నాడు నల్లరేగడిని కమ్మేసింది. సేద్యంలో, వ్యాపారంలో మిగిలిన డబ్బులో కొంత చదువుల వైపు మళ్లింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 1977లో విజయవాడలో రాష్ట్రపు తొలి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలగా పేరున్న వి.ఆర్. సిద్ధార్థ మొదలైంది. ఆ వెంటనే 1980లో వడ్డేశ్వరంలో కోనేరు లక్ష్మయ్య కళాశాల, 1981లో బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల, 1985లో గుంటూరు పక్కన చౌడవరంలో ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. కళాశాల వెలిశాయి. చివరిదాని పేరులో ఉన్నవారు రాయపాటి వెంకట రంగారావు, జాగర్లమూడి చంద్రమౌళి.

ఇలాంటి కళాశాలల్లో మెకానికల్ విద్యార్థి మొదట వర్క్‌షాపులో ఆకురాయి పట్టి, ఫౌండ్రీలో అచ్చు పోసి, తర్వాత ప్రొడక్షన్ టెక్నాలజీ, మెట్రాలజీ, ఆపరేషన్స్ రీసెర్చ్, ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ చదివేవాడు. ఆపరేషన్స్ రీసెర్చ్ పరీక్షలో వచ్చే రవాణా సమస్యలో ఫ్యాక్టరీలకు ఎ, బి, సి అని పేర్లు. కాని ఆ లెక్కలు తరగతి గది బయటే ప్రాణంతో ఉన్నాయి.

జిన్నింగు మిల్లు తీసుకోండి. క్వింటా పత్తికి మూడోవంతు వరకు దూది దిగుతుంది, మిగిలినది ఎక్కువగా గింజ. దూదిని 170 కిలోల బేలుగా నొక్కుతారు. పాత మిల్లుల్లో పత్తిని నెత్తిన మోసి యంత్రం దగ్గర గుమ్మరించేవారు. ప్రతి కుప్ప దగ్గరా మట్టి, గోనె పోగులు కలిసి నాణ్యత పడిపోయేది. 2000లో కేంద్రం మొదలుపెట్టిన పత్తి టెక్నాలజీ మిషన్ సాయంతో చాలా మిల్లులు సరుకును గాలి గొట్టాలతో, కన్వేయర్లతో నడిపే ఏర్పాటుకు మారాయి. ప్లాంట్ లేఅవుట్ అనే అధ్యాయంలో ఉన్నదంతా ఇదే.

మిర్చి ఇంకా చిక్కైన పాఠం. కాయను ఒకేసారి కోయరు, కోతలుగా కోస్తారు. కల్లంలో తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా ఎండబెడతారు. తాలు కాయలు వేరు చేసి, టిక్కీలనే బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు తెస్తారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా లారీలు, ట్రాక్టర్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. కాటా వేసేవాళ్లు, దించే హమాలీలు, కోల్డ్ స్టోరేజీల జాగా మాత్రం అంతే ఉంటాయి. క్యూయింగ్ (వరుసలో నిరీక్షణ) సిద్ధాంతానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు. తేమ సరిగా దిగకపోతే బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరుతుంది, ఎగుమతి సరుకు తిరిగొస్తుంది. తొడిమలు తీసే పని ఇప్పటికీ చాలావరకు మహిళా కూలీల చేతుల్లోనే ఉంది. రోజంతా ఘాటులో కూర్చుని చేసే ఆ పనికి ఎర్గొనామిక్స్ చదివినవారి దృష్టి చాలా అవసరం.

పంట కోత తర్వాతి యంత్రాల సంగతిని వ్యవసాయ విద్య కొంత పట్టించుకుంది. బాపట్లలో 1983లో మొదలైన వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఇందుకు ముఖ్యం. ఈ మైదానానికి బయట, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌ను విడి శాఖగా నిలిపిన పేరు విశాఖపట్నంలోని గీతం విద్యాసంస్థకు దక్కింది. ఉక్కు కర్మాగారం, ఓడల నిర్మాణం ఉన్న ఊరు కావడం దానికి కలిసొచ్చింది.

2008 తర్వాత

2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జె.ఎన్.టి.యు.) విడిపోయి కాకినాడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. వడ్లమూడిలోని విజ్ఞాన్ 2008లో, కోనేరు లక్ష్మయ్య 2009లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందాయి. ఫీజు రీయింబర్స్‌మెంటుతో పేదింటి పిల్లలు పెద్ద సంఖ్యలో ఇంజనీరింగ్‌కు వచ్చారు. 2016లో ఒంగోలుకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. పాఠాల్లోకి సి.ఎన్.సి., క్యాడ్, త్రీడీ ప్రింటింగ్ చేరాయి. అయితే గత పదేళ్లలో విద్యార్థులు కంప్యూటర్ సైన్స్ వైపు మళ్లడంతో మెకానికల్ సీట్లు తగ్గిపోయాయి, వాటితోపాటే ఈ పాఠాలు చదివేవారూ తగ్గారు. సుగంధ ద్రవ్యాల పార్కు యడ్లపాడు దగ్గర వెలిసిన ప్రాంతంలో ఇది జరగడం నిజంగా నష్టమే.

ఇక్కడ మెకానికల్ పట్టా తీసుకుని అమెరికాలో ఎం.ఎస్.కు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ ఎంచుకున్న తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఆ శాఖ పేరు వాళ్ల పట్టా మీద మొదటిసారి కనిపించేది అక్కడే.