అమెరికాలో ఉదయపు అల్పాహారశాలలు: స్వతంత్ర డైనర్లు, గొలుసు రెస్టారెంట్లు, సమాన ప్రవేశ హక్కు

ఉపోద్ఘాతం

అమెరికా ఆహార చరిత్రలో ఉదయపు అల్పాహారానికి రెండు రకాల భోజనశాలలు ప్రసిద్ధికెక్కాయి. మొదటిది యజమాని స్వయంగా నడిపే చిన్న డైనర్. రెండవది ఒకే పేరుతో, ఒకే వంటకాల పట్టికతో అనేక ఊళ్ళలో శాఖలు గల గొలుసు రెస్టారెంట్. డైనర్ స్థానికతకు, ఆత్మీయతకు ప్రతీక అనీ, గొలుసు రెస్టారెంట్ ఏకరూపతకు, యాంత్రికతకు ప్రతీక అనీ ఒక సాధారణ అభిప్రాయం ఉంది. రుచి విషయంలో ఈ విభజన కొంతవరకు చెల్లవచ్చు. ఆ బల్ల దగ్గర కూర్చునే హక్కు ఎవరికి ఉండేదన్న ప్రశ్న ఎదురైనప్పుడు మాత్రం అది నిలవదు. ఈ రెండు వ్యవస్థల ఆవిర్భావాన్నీ, 1960 నుండి 1994 వరకు సమాన ప్రవేశం కోసం సాగిన పోరాటాలనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

డైనర్ల ఆవిర్భావం

1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ గుర్రపు బండిలో ఆహారం తెచ్చి, రాత్రివేళ పత్రికా కార్యాలయ సిబ్బందికి అమ్మాడు. డైనర్ చరిత్రకు దీనినే నాందిగా పేర్కొంటారు. ఇతర భోజనశాలలు మూతపడిన వేళ పనిచేసే కార్మికులే ఈ బండ్లకు తొలి పోషకులు. క్రమంగా ఈ బండ్లు ఒకచోట స్థిరపడి, పొడవైన కౌంటరు, దాని ముందు ఎత్తు బల్లలు గల చిన్న భోజనశాలలయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ లంచ్ కార్ కంపెనీ, న్యూజెర్సీలోని జెర్రీ ఒమహోనీ సంస్థ వంటివి డైనర్లను కర్మాగారాలలో తయారుచేసి కొనుగోలుదారుల స్థలానికి పంపేవి. అంటే యజమాని స్వతంత్రుడే అయినా, అతని భోజనశాల మాత్రం కర్మాగారపు సరుకు. డైనర్‌లోని స్థానికత కట్టడంలో లేదు. వంటలో, యజమానికీ వాడుకరులకూ మధ్య ఏర్పడిన పరిచయంలో ఉంది. తరువాతి కాలంలో ఈశాన్య రాష్ట్రాలలో అనేక డైనర్లను గ్రీసు నుండి వలస వచ్చిన కుటుంబాలు నడపడం ఈ స్థానికతకు మరో ముఖాన్ని చూపుతుంది.

గొలుసు రెస్టారెంట్ల విస్తరణ

రెండవ ప్రపంచ యుద్ధానంతరం కార్ల వాడకం, శివారు కాలనీలు పెరిగాయి. తరువాత డెన్నీస్‌గా మారిన దుకాణం 1953లో కాలిఫోర్నియాలోను, వాఫుల్ హౌస్ 1955లో జార్జియాలోను, పాన్‌కేకులకు పేరుపొందిన ఐహాప్ 1958లో కాలిఫోర్నియాలోను మొదలయ్యాయి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం దూరప్రయాణాలను మరింత పెంచింది. తెలియని ఊరిలో తెలిసిన పేరు కనిపించడం ప్రయాణికునికి భరోసా. గొలుసు సంస్థలు అమ్మినది ఆ భరోసానే.

అయితే ఈ ఏకరూపత అంతా కేంద్ర కార్యాలయంలోనే పుట్టలేదు. మెక్‌డొనాల్డ్స్ అల్పాహార వ్యాపారానికి పునాది వేసిన ఎగ్ మెక్‌మఫిన్‌ను 1972లో రూపొందించినవాడు శాంటా బార్బరాలో ఫ్రాంచైజీ నడిపిన హెర్బ్ పీటర్సన్.

కౌంటరు ముందు సమానత్వం

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ గొలుసు దుకాణంలో చిన్న వస్తువులు కొన్నారు. వారి డబ్బు తీసుకున్న ఆ దుకాణమే, భోజన కౌంటరు వద్ద కాఫీ ఇవ్వడానికి నిరాకరించింది. స్థానిక ఆచారాన్ని పాటిస్తున్నామన్నది సంస్థ సమర్థన. దేశమంతటా ఒకే పేరుతో వ్యాపారం చేసే సంస్థ, వివక్ష విషయంలో మాత్రం స్థానికతను ఆశ్రయించింది. ఉద్యమకారులు దీనిని గుర్తించి ఉత్తరాది శాఖల ముందు కూడా నిరసనలు జరిపారు. జూలై 25న గ్రీన్స్‌బరో కౌంటరులో వివక్ష తొలగింది.

స్వతంత్ర యజమానుల వాదన దీనికి భిన్నం. 1964 పౌరహక్కుల చట్టం అంతర్రాష్ట్ర వాణిజ్యం ఆధారంగా భోజనశాలలలో వివక్షను నిషేధించింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అనే కుటుంబ రెస్టారెంట్, తమది పూర్తిగా స్థానిక వ్యాపారమని వాదించింది. ఆ సంస్థ ఏడాదిలో కొన్న సుమారు 1,50,000 డాలర్ల ఆహారంలో దాదాపు 70,000 డాలర్ల విలువైన మాంసం ఇతర రాష్ట్రాల నుండి వచ్చినదే. 1964 డిసెంబరు 14న సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూ తీర్పునిచ్చింది. సరుకు ఎల్లలు దాటి వచ్చినప్పుడు మనిషికి మాత్రం గుమ్మంలో ఎల్ల గీయడం చెల్లదన్నది ఆ తీర్పు ఫలితార్థం.

చట్టం వచ్చినంతమాత్రాన గొలుసు సంస్థలలో వివక్ష అంతరించలేదు. 1993 ఏప్రిల్ 1న మేరీలాండ్‌లోని అనాపోలిస్ డెన్నీస్ శాఖలో ఆరుగురు నల్లజాతి సీక్రెట్ సర్వీస్ అధికారులు అల్పాహారం కోసం నిరీక్షిస్తుండగా, శ్వేతజాతి సహోద్యోగులకు వడ్డన జరిగిపోయింది. ఈ ఫిర్యాదు, కాలిఫోర్నియా నుండి వచ్చిన మరికొన్ని ఫిర్యాదులు 1994లో 5.4 కోట్ల డాలర్లకు పైబడిన పరిష్కారానికి దారితీశాయి. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, ఒప్పందం అమలుపై స్వతంత్ర పర్యవేక్షణ కూడా అందులో భాగమయ్యాయి.

ముగింపు

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. డైనర్ పూర్తిగా స్థానికం కాదు, గొలుసు రెస్టారెంట్ పూర్తిగా ఏకరూపం కాదు. అసలు భేదం బాధ్యత ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. డైనర్‌లో మర్యాదకైనా అవమానానికైనా ఎదుట నిలిచిన యజమానే బాధ్యుడు. అతని మంచితనం ఆ గుమ్మం దాటి పోదు, అతని దురభిమానాన్ని సరిదిద్దడానికి ప్రతి గుమ్మానికీ చట్టం వెళ్ళవలసి ఉంటుంది. గొలుసు సంస్థలో బాధ్యత దూరాన ఉన్న కార్యాలయంలో దాగి ఉండగలదు. కానీ దానిని ఒకసారి నిలదీయగలిగితే, ఒక్క ఒప్పందం వందల శాఖలకు వర్తిస్తుంది. అందువల్ల భోజనశాలల చరిత్రను వంటకాల పట్టికల ఆధారంగా మాత్రమే రాస్తే అది అసంపూర్ణం. ఆ కౌంటరు ముందు ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడవలసి వచ్చింది అన్న ప్రశ్నలు కూడా ఆ చరిత్రలో భాగం కావాలి.